చలికి బిగుసుకున్న బండి

2019 జనవరి 30 పొద్దున షికాగో ఓహేర్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 31 డిగ్రీల సెల్సియస్‌కి దిగింది. ఆ ఊరివాళ్లకి చలి కొత్తేమీ కాదు. జనవరిలో పారలతో మంచు ఎత్తిపోసుకుని బండి బయటికి తీయడం వాళ్లకి ఏటా ఉన్న పనే. కానీ అంత చలి ఎప్పుడో గాని రాదు. లోకల్ రైళ్లు నడిపే మెట్రా సంస్థ పట్టాలు మారే చోట్ల గ్యాసు మంటలు వెలిగించింది. దూరం నుంచి చూసినవాళ్లకి రైలుదారి తగలబడుతున్నట్టే కనిపించింది. చాలా చోట్ల పోస్ట్‌మ్యాన్లు ఇల్లు కదలలేదు. తపాలా శాఖే బట్వాడా ఆపేసింది. మర్నాడు అదే ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్‌లో మైనస్ 35 నమోదై, ఆ ఊళ్లో అంతకుముందున్న రికార్డులన్నీ వెనకపడ్డాయి.

ఆ చలి పుట్టింది షికాగోలో కాదు. ఆ నెల మొదట్లో ఉత్తరధ్రువం మీద, నేలకి పాతిక ముప్ఫై కిలోమీటర్ల ఎత్తున గాలి హఠాత్తుగా వేడెక్కింది. చలికాలమంతా ధ్రువం చుట్టూ గిర్రున తిరిగే గాలుల సుడి దాంతో చీలిపోయింది. ఆ తరవాత వారాల్లో అక్కడి చలిగాలి ఒక పాయగా కిందికి జారి అమెరికా నడిమధ్యకి వచ్చింది. ఆ కథ పెద్దది, ఇక్కడ చెప్పుకోబోయేది ఇళ్ల ముందు నిలిచిన బండ్ల గురించి.

షికాగో శివార్లలో నేపర్‌విల్, అరోరా లాంటి చోట్ల మనవాళ్లు బాగానే ఉన్నారు. హైదరాబాదు నుంచో గుంటూరు నుంచో చదువుకోవడానికి వెళ్లి, పాత కారు ఒకటి కొనుక్కున్న కుర్రాడికి ఇలాంటి పొద్దున ఎదురయ్యేది ఏమిటో చూద్దాం. తాళంచెవి తిప్పుతాడు. డాష్‌బోర్డు లైట్లు వెలుగుతాయి, మరుక్షణం మసకబారతాయి. బానెట్ కిందినుంచి టకటకటక అని చప్పుడు వస్తుంది, అంతే. స్టార్టర్ మోటారుకి కరెంటు కలిపే స్విచ్చి పడుతుంది. మోటారు ఒక్కసారిగా కరెంటు లాగేసరికి బ్యాటరీ వోల్టేజి కుప్పకూలుతుంది. ఆ స్విచ్చిని పట్టి ఉంచే అయస్కాంతానికి కూడా శక్తి చాలక అది విడిపోతుంది. విడిపోగానే వోల్టేజి లేస్తుంది, స్విచ్చి మళ్లీ పడుతుంది. సెకనుకి చాలాసార్లు జరిగే ఈ పడిలేవడమే ఆ టకటక.

నిన్న సాయంత్రం బాగున్న బ్యాటరీ తెల్లారేసరికి ఎందుకిలా అయింది? బ్యాటరీలో కరెంటు గోదాములో సరుకులా నిలవ ఉండదు. సీసపు పలక, సీసపు ఆక్సైడు పలక, రెంటి మధ్యా గంధకికామ్లం. మనం తాళం తిప్పినప్పుడు ఆ మూడింటి మధ్యా అప్పటికప్పుడు జరిగే రసాయన చర్యే కరెంటుని పుట్టిస్తుంది. చలిలో ఆ చర్య మందగిస్తుంది. ఆమ్లం చిక్కబడుతుంది, అందులో అయాన్లు ఈదులాడుతూ పలకల దగ్గరికి చేరడం ఆలస్యమౌతుంది. మైనస్ 18 దగ్గరికి వచ్చేసరికి మామూలు బ్యాటరీ తన బలంలో దాదాపు సగమే చూపించగలదు. అందుకే బ్యాటరీల మీద కోల్డ్ క్రాంకింగ్ అని ఒక అంకె వేస్తారు. మైనస్ 18 దగ్గర 30 సెకన్లపాటు, వోల్టేజి 7.2కి తగ్గకుండా, ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదన్నదే ఆ అంకె. కొనేవాళ్లు ధర చూస్తారు, గ్యారంటీ చూస్తారు, దీన్ని మాత్రం చూడరు. విజయవాడలో చూడకపోయినా నష్టం లేదు.

విజయవాడ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. బ్యాటరీని చంపేది నిజానికి ఎండ. వేడికి లోపలి సీసపు జాలీలు త్వరగా తుప్పుపట్టి తినుకుపోతాయి, నీరు ఆవిరౌతుంది. మే నెలలో సగం చచ్చిన బ్యాటరీ కూడా మన దగ్గర డిసెంబరులో ఇంజన్ని తిప్పేస్తుంది, ఎందుకంటే మన డిసెంబరు దాన్ని అంత గట్టిగా అడగదు. షికాగో జనవరి అడుగుతుంది. వేసవిలో జరిగిన నష్టానికి నింద చలి మీద పడుతుంది.

ఛార్జి తగ్గిన బ్యాటరీకి ఇంకో గండం ఉంది. నిండా ఛార్జి ఉన్నప్పుడు లోపలి ఆమ్లం గాఢంగా ఉంటుంది, మైనస్ 50 దాటినా గడ్డకట్టదు. ఛార్జి దిగేకొద్దీ ఆమ్లంలోని గంధకం పలకలకి అంటుకుపోయి, మిగిలేది పలచటి నీళ్లలాంటి ద్రవం. అది సున్నాకి కొద్ది డిగ్రీల కిందే గడ్డకడుతుంది. రాత్రి లోపలి లైటు ఆర్పడం మరచిపోతే పొద్దున దొరికేది పక్కలు ఉబ్బిన బ్యాటరీ. అలాంటిదానికి పక్క కారు నుంచి జంపర్ కేబుళ్లు తగిలించకూడదు, పేలిపోవచ్చు.

ఇక్కడ ఇబ్బంది రెండువైపులా ఉంది. బ్యాటరీ సగం బలంతో ఉన్నప్పుడే ఇంజన్ ఎక్కువ బలం కోరుతుంది. కారణం ఆయిల్. ఆయిల్ డబ్బా మీద 5డబ్ల్యూ-30 అనో 15డబ్ల్యూ-40 అనో రాసి ఉంటుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించినది. 5 అంటే మైనస్ 30 దగ్గర, 15 అంటే మైనస్ 20 దగ్గర, ఇంజన్ తిరగడానికి అడ్డుపడనంత పలచగా ఉండాలని నియమం. అంత పలచగా అన్నానని పొరపడకండి. మైనస్ 30 దగ్గర 5డబ్ల్యూ-30 ఆయిల్‌కి అనుమతి ఉన్న చిక్కదనం, అదే ఆయిల్ వేడెక్కిన ఇంజన్లో చూపే చిక్కదనానికి 600 రెట్ల పైమాటే. మన ఊళ్లలో పాత డీజిల్ బండ్లకి పోసే 15డబ్ల్యూ-40ని రాక్‌ఫర్డ్‌లో ఆ పొద్దున పోసి ఉంటే స్టార్టర్ మోటారు మూలగడం తప్ప చేసేదేమీ ఉండదు.

1941 డిసెంబరులో మాస్కో ముందు జర్మన్ సైన్యానికి ఇదే జరిగింది. చలికాలం రాకముందే గెలుస్తామన్న ధీమాతో వచ్చినవాళ్లు, మైనస్ 30 చలిలో ట్యాంకుల కింద మంటలు పెట్టి ఇంజన్లు వెచ్చబెట్టుకోవలసి వచ్చింది. ఆ చలిలో పుట్టిపెరిగిన ఎదుటి పక్షానికి చిట్కాలు తెలుసు. రాత్రి ఇంజన్ ఆపేముందు ఆయిల్‌లో కొంత పెట్రోలు కలిపి పలచన చేయడం అందులో ఒకటి. పొద్దున ఇంజన్ వేడెక్కగానే ఆ పెట్రోలు ఆవిరైపోతుంది, ఆయిల్ మళ్లీ మామూలుగా అవుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల ఇంజన్లకి కూడా ఇదే పద్ధతి వాడారు.

షికాగో టీవీలు ఆ రెండు రోజులూ మరో అంకె పదేపదే చెప్పాయి. గాలి ఊపుని కూడా లెక్కలోకి తీసుకుంటే చలి మైనస్ 45 కంటే కిందికి పోయిందని. అది విని, నా రేడియేటర్లోని కూలెంట్ మైనస్ 37 వరకే ఆగుతుంది కదా, ఇక గడ్డకడుతుందని గాబరాపడేవాళ్లు ఉంటారు. గాబరా అక్కర్లేదు. ఆ రెండో అంకె మనుషుల కోసం, అందులోనూ కప్పుకోని చర్మం కోసం వేసిన లెక్క. మన ఒంట్లో నిరంతరం వేడి పుడుతూ ఉంటుంది, గాలి దాన్ని ఎత్తుకుపోతూ ఉంటుంది. ఎంత వేగంగా ఎత్తుకుపోతోందో చెప్పడానికే ఆ అంకె. ఆపి ఉంచిన కారులో వేడి పుట్టదు. అది చుట్టూ ఉన్న గాలి ఉష్ణోగ్రతకి దిగేదాకా చల్లబడుతుంది, అక్కడ ఆగిపోతుంది. ఈదురుగాలి ఉంటే అక్కడికి త్వరగా చేరుతుంది, అంతకంటే కిందికి పోదు. గాలి మైనస్ 31లో ఉంటే రాత్రంతా ఆరుబయట ఉన్న ఇంజన్ కూడా మైనస్ 31లోనే ఉంటుంది, గాలి ఎంత వీచినా.

గాలి చేయలేని పనిని ఒక్కోసారి ఆకాశం చేస్తుంది. మబ్బులేని రాత్రి, గాలి కదలకుండా ఉన్నప్పుడు, పైకి తెరుచుకుని ఉన్న తలాలు తమ వేడిని ఆకాశంలోకి వికిరణం చేస్తూ పరిసరాల గాలికంటే కొన్ని డిగ్రీలు చల్లబడతాయి. అందుకే లంబసింగిలోనూ అరకు వైపూ చలి ముదిరిన పొద్దుల్లో, థర్మామీటరు సున్నాకి పైనే ఉన్నా బైకు సీట్ల మీద, కార్ల పైకప్పుల మీద తెల్లటి మంచుపొడి కనిపిస్తుంది. అది పట్టకుండా ఉండాలంటే బండిని ఏ చెట్టు కిందో రేకుల చూరు కిందో పెడితే చాలు.

పెట్రోలు ఈ చలికి గడ్డకట్టదు, కానీ మండాలంటే ముందు ఆవిరి కావాలి. చలిలో ఆవిరి చాలదు. పాత బైకుల్లో చోక్ లాగితే జరిగేది ఇదే. గాలిని తగ్గించి పెట్రోలు పాలు పెంచితే, ఆవిరైన ఆ కొంచెమే అంటుకోవడానికి సరిపోతుంది. ఆదిలాబాద్ వైపు డిసెంబరు పొద్దున్నే కిక్ కొట్టినవాళ్లకి ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఇప్పటి బండ్లలో ఆ పని కంప్యూటరే చూసుకుంటుంది. చలిదేశాల్లో రిఫైనరీలు శీతాకాలం పెట్రోలులో బ్యూటేన్ పాలు పెంచి, సులువుగా ఆవిరయ్యేలా చేస్తాయి.

డీజిల్ వ్యవహారం అంత తేలిక కాదు. జనవరిలో మన ఇళ్లలో కొబ్బరినూనె ముందు మసకబారి, తరవాత సీసాలో పేరుకుపోవడం అందరూ చూసే ఉంటారు. డీజిల్లోనూ సరిగ్గా అదే వరస. అందులో పొడుగాటి గొలుసుల పారఫిన్ మైనం కరిగి ఉంటుంది. అది బండి నడవడానికి పనికొచ్చేదే, చక్కగా మండుతుంది కూడా. చలి పెరిగితే ఆ మైనం సన్నటి పలకలుగా విడివడుతుంది. డీజిల్ మసకబారే ఈ దశలోనే బండి ఆగిపోతుంది, గడ్డకట్టేదాకా పోనక్కర్లేదు. ఎందుకంటే ఫిల్టరు కన్నాలు మీటరులో పది లక్షల వంతుల లెక్కలో ఉంటాయి, మైనపు పలకలు వాటికి అడ్డంపడి దారి మూసేస్తాయి. ట్యాంకు నిండా ఇంధనం ఉంటుంది, ఇంజన్‌కి చుక్క అందదు. స్టార్ట్ అయిన బండి కూడా ఫిల్టరులో మిగిలిన డీజిల్ కాలినంతసేపే నడిచి, నడిరోడ్డు మీద ఆగిపోతుంది. గ్యారేజీ ముందు ఆగినా బాగుండేది.

మన దేశంలో ఈ బాధ బాగా తెలిసినవాళ్లు లద్దాఖ్, కార్గిల్, కాజా, కేలాంగ్ ప్రాంతాల డ్రైవర్లు. అక్కడ చలికాలం రాత్రులు మైనస్ 30 దాకా పోతాయి. డీజిల్లో కిరోసిన్ కలపడం, పొద్దున్నే ట్యాంకు కింద మంట పెట్టడం అక్కడ పాత అలవాట్లు. కిరోసిన్‌లో గొలుసులు పొట్టివి, మైనం తక్కువ, కాబట్టి మిశ్రమం పారుతుంది. అయితే డీజిల్ పంపుని లోపల నునుపుగా ఉంచేది డీజిలే, కిరోసిన్‌కి ఆ గుణం తక్కువ. పంపు అరిగిపోతుంది. ట్యాంకు కింద మంట గురించి చెప్పేదేముంది. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ పానిపట్ రిఫైనరీలో తయారైన చలికాలపు డీజిల్‌ని లద్దాఖ్‌కి పంపడం మొదలుపెట్టింది. అది మైనస్ 33 వరకు పారుతుంది.

దాంతో సమస్య అక్కడివాళ్లకి చాలావరకు తగ్గిందిగాని కింది నుంచి వెళ్లేవాళ్లకి తీరలేదు. 2020 అక్టోబరులో రోహ్‌తంగ్ కింద అటల్ సొరంగం తెరిచాక చలికాలంలోనూ లాహౌల్ లోయకి బండ్లు పోతున్నాయి. మైదానంలో ట్యాంకు నింపుకున్న బండి ఒక్కరోజులోనే కేలాంగ్ చేరి, మైదానపు డీజిల్‌తోనే రాత్రంతా నిలబడుతుంది. డీజిల్‌ని రిఫైనరీలు ఊరినీ రుతువునీ బట్టి తయారుచేస్తాయి, బండి మాత్రం ఊరు మారిపోతుంది. కొండ ఎక్కేముందు ట్యాంకుని సగానికి ఖాళీ చేసుకుని, పైన దొరికే డీజిల్ పోయించుకోవడం అనుభవజ్ఞులు చేసే పని.

రేడియేటర్లో కుళాయి నీళ్లు పోసుకుని తిరిగే బండ్లు మన దగ్గర లెక్కలేనన్ని. ఎండలకి నీళ్లు తగ్గితే మరో సీసా పోస్తారు, పని జరిగిపోతుంది. అదే బండి జనవరిలో ఒక్క రాత్రి కేలాంగ్‌లో నిలిస్తే నష్టం వేలల్లో కాదు, ఇంజన్ మొత్తం. నీరు మంచుగా మారేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, పోత ఇనుము సాగదు, పగులుతుంది. ఇంజన్ దిమ్మకి పక్కన గుండ్రటి బిళ్లలు బిగించి ఉంటాయి. నీరు గడ్డకడితే అవి ఊడి ఇంజన్ని కాపాడటానికే పెట్టారని చాలామంది మెకానిక్కులు నమ్ముతారు. నిజానికి అవి పోత పోసినప్పుడు లోపలి ఇసుక తీయడానికి వదిలిన కంతల మూతలు. ఒక్కోసారి ఊడి కాపాడతాయి, ఒక్కోసారి మూత అలాగే ఉండి దిమ్మే పగులుతుంది.

విరుగుడు కూలెంట్లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్. నీళ్లలో సగానికి సగం కలిపితే మైనస్ 37 దాకా గడ్డకట్టదు. ఇంకా ఎక్కువ కలిపితే ఇంకా మంచిదనుకుని నీళ్లే లేకుండా గ్లైకాల్ ఒక్కటే పోసేవాళ్లున్నారు. స్వచ్ఛమైన గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. నీటి అణువులూ గ్లైకాల్ అణువులూ ఒకదాన్నొకటి స్ఫటికంగా పేర్చుకోనివ్వకుండా అడ్డుపడటమే ఇక్కడ కిటుకు. రెండోది లేకపోతే మొదటిదాన్ని అడ్డుకునేవాళ్లుండరు. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. పిల్లలకీ కుక్కలకీ అందకుండా పెట్టాలి.

టైర్ల సంగతి లెక్కతో తేలిపోతుంది. 20 డిగ్రీల్లో 33 పాయింట్లు గాలి పెట్టించారనుకోండి. గేజి వాతావరణ పీడనాన్ని వదిలేసి చూపిస్తుంది కాబట్టి లోపలి అసలు పీడనం దాదాపు 48. పరమ ఉష్ణోగ్రత 293 నుంచి 243కి, అంటే మైనస్ 30కి దిగితే, పీడనం అదే నిష్పత్తిలో 40కి తగ్గుతుంది. గేజి 25 చూపిస్తుంది. ఎక్కడా పంక్చరు లేదు.

విద్యుత్ కార్లకి ఆయిల్ గొడవ లేదు, డీజిల్ గొడవ లేదు. అయినా 2024 జనవరిలో, మైనస్ 23 దగ్గర, షికాగో ఛార్జింగ్ కేంద్రాల ముందు అవి బారులు తీరి ఆగిపోయాయి. లిథియం బ్యాటరీని ఛార్జి చేసేటప్పుడు అయాన్లు గ్రాఫైట్ పొరల సందుల్లోకి దూరాలి. చలిలో అవి దూరే వేగం పడిపోతుంది. బలవంతంగా కరెంటు ఎక్కిస్తే, లోపలికి పోలేనివి పైనే లోహపు పూతగా పేరుకుంటాయి. అది బ్యాటరీకి శాశ్వత నష్టం. అందుకే కారులోని కంప్యూటరు బ్యాటరీ వెచ్చబడేదాకా కరెంటుని బొట్లుబొట్లుగా తీసుకుంటుంది. ముందున్న కారు వదలదు, వెనకున్న కారు హీటర్ వేసుకుని ఎదురుచూస్తూ ఉన్న కాస్త ఛార్జీ పోగొట్టుకుంటుంది.

అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో ప్రకటించిన పరీక్షల్లో, మైనస్ 7 దగ్గర హీటర్ లేకుండా నడిపితే ఒక్క ఛార్జితో పోగలిగే దూరం 12 శాతం తగ్గింది, హీటర్ వేసుకుంటే 41 శాతం. పెట్రోలు ఇంజన్ తన ఇంధనంలో సగానికి పైగా వేడి రూపంలో పారబోస్తుంది, హీటర్‌కి ఆ పారబోసిందే చాలు. పొదుపరి విద్యుత్ మోటారు దగ్గర పారబోయడానికి పెద్దగా ఏమీ లేదు. ఇది చూసి విద్యుత్ కారు చలికి పనికిరాదని తేల్చేయకండి. 2024లో నార్వేలో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు పదింట తొమ్మిది విద్యుత్ కార్లే. అక్కడివాళ్లు రాత్రి ఇంట్లో ఛార్జింగ్‌కి పెట్టి, బయల్దేరేముందు గోడ కరెంటుతోనే బ్యాటరీని వెచ్చబెట్టుకుంటారు.

చలి ఎంత అన్నదానికంటే ఆ ఊరికి అది ఎంత కొత్త అన్నదే బండ్లని ఎక్కువ ఇబ్బంది పెడుతుందని నాకనిపిస్తుంది. 2021 ఫిబ్రవరి 11 పొద్దున టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో చలి సున్నాకి కొద్ది డిగ్రీలే కింద. షికాగోవాళ్లు దాన్ని లెక్కచేయరు. సన్నటి వాన పడి, నేల తగలని ఎత్తు రోడ్డు మీద కంటికి కనపడని మంచుపొరగా మారింది. 130కి పైగా వాహనాలు ఒకదానిలో ఒకటి దూరిపోయాయి, ఆరుగురు పోయారు. వారం తిరగకుండా డాలస్‌లో మైనస్ 19 నమోదైంది. చలికాలపు టైర్లు ఆ ఊళ్లో ఎవరికుంటాయి? 7 డిగ్రీల కిందకి వస్తే మామూలు టైరు రబ్బరు బిరుసెక్కి పట్టు వదిలేస్తుంది. అద్దం కడిగే నీళ్లు కూడా వేసవికి పోసినవే, గొట్టంలోనే గడ్డకడతాయి.

చలికి అలవాటుపడ్డ ఊళ్లలో కార్ల ముందు జాలీలోంచి కరెంటు వైరు వేలాడుతూ కనిపిస్తుంది. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో పార్కింగ్ స్థలాల్లో వరసగా ప్లగ్గు స్తంభాలుంటాయి. ఇంజన్ దిమ్మలో అమర్చిన చిన్న హీటర్‌కి ఆ వైరు తగిలిస్తే రాత్రంతా వెచ్చగా ఉంటుంది. నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌లో ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన 1949లో ఇలాంటి హీటర్‌కి పేటెంట్ తీసుకున్నాడు. తెల్లారుజామున ఇంజన్ వేసి అరగంట వదిలేసే అలవాటు కంటే ఇది ఎంతో మేలు. కదలకుండా నడిచే చల్లటి ఇంజన్ త్వరగా వేడెక్కదు, మండని పెట్రోలు ఆయిల్లోకి దిగుతుంది, పొగని శుభ్రం చేసే కన్వర్టరు 250 డిగ్రీలు దాటితేగాని పని మొదలుపెట్టదు. ఇప్పటి కార్లకి అర నిమిషం చాలు, తరవాత మెల్లగా నడపడమే.

గ్యారేజీ తలుపు మూసి ఇంజన్ వేయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. తుపానులో రోడ్డు మీద ఇరుక్కుపోయినా ప్రమాదం అదే, పొగగొట్టాన్ని మంచు కప్పేస్తే ఆ వాయువు కారులోకే వస్తుంది. గంటకి పది నిమిషాలు ఇంజన్ వేసుకుని ఒళ్లు కాచుకోవచ్చు, ఒక అద్దం కాస్త దించి పెట్టుకోవాలి. వేసే ప్రతిసారీ ముందు దిగి, గొట్టం చుట్టూ ఉన్న మంచుని చేత్తోనైనా తవ్వేయాలి.